పెంపకమా, తాళంచెవా?

1999 ఏప్రిల్ 28న కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం, టేబర్ అనే చిన్న ఊళ్ళో పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు హైస్కూల్లోకి వచ్చి తుపాకీ పేల్చాడు. ఒక విద్యార్థి చనిపోయాడు, మరొకడు గాయపడ్డాడు. అమెరికాలో కొలంబైన్ కాల్పులు జరిగి అప్పటికి ఎనిమిది రోజులే. ఇలాంటప్పుడు ఏ ఊళ్ళోనైనా ముందు వినిపించేది ‘కన్నవాళ్ళు ఏం చేస్తున్నట్టు?’ అన్న మాటే. కానీ టేబర్‌లో చనిపోయిన పిల్లాడి తండ్రి, ఆంగ్లికన్ మతగురువు డేల్ లాంగ్, కాల్చినవాణ్ణి క్షమిస్తున్నానని నలుగురిలో చెప్పారు. అంత మనసు అందరికీ ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. అయితే జనం కోపం తల్లిదండ్రుల మీదికి మళ్ళినప్పుడు, దేనికి వాళ్ళను నిలదీయాలో తేల్చుకోవాలి.

పెంపకాన్ని కొలిచే తూనిక ఏ కోర్టులోనూ లేదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి ముద్ద తిన్న ఇద్దరు పిల్లలు రెండు దారులు పడతారు. తుపాకీకి వేసే తాళం సంగతి వేరు, అది వేశారా లేదా అన్నది చూస్తే తెలిసిపోతుంది. కెనడా నిబంధనల ప్రకారం ఇంట్లో వేట తుపాకీని తూటాలు తీసేసే ఉంచాలి. ట్రిగ్గర్‌కు తాళం వేయాలి, లేదా పేలకుండా బోల్టు ఊడదీయాలి, లేదా తాళం వేసిన బీరువాలో పెట్టాలి. తూటాలు చేతికి సులువుగా అందకూడదు. నిర్లక్ష్యంగా వదిలేస్తే మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. మరోపక్క, తాళం తప్పుకు పెద్దలను నిలదీసినా, మైనరు నేరస్తుడి పేరు బయటపెట్టడాన్ని అక్కడి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఊరందరికీ తెలిసిన పేరుకు దాపరికమేమిటని కొందరు విసుక్కుంటారు. కానీ ఆ పేరు పత్రికకెక్కితే ఇంటిపేరు కూడా ఎక్కుతుంది, ఏ పాపమూ ఎరగని చెల్లెలి బడిదాకా అది వెంటాడుతుంది.

తల్లిదండ్రులను శిక్షించడం మొదలైతే, పిల్లాడి మనసు బాగాలేదని తెలిసినా భయపడి దాచేస్తారన్న అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఆక్స్‌ఫర్డ్ కేసు చూడండి. 2021 నవంబరు 30న అక్కడి స్కూల్లో ఒక విద్యార్థి జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ తుపాకీ కాల్చినవాడి తండ్రి కొన్నదే, అదీ నాలుగు రోజుల ముందు. ఆ ఉదయమే లెక్కల కాగితం మీద కొడుకు గీసిన తుపాకీ బొమ్మ చూపించి స్కూలువాళ్ళు అమ్మానాన్నలను పిలిపించారు. వాళ్ళు పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళలేదు, తుపాకీ ఊసు కూడా ఎత్తలేదు. 2024లో ఇద్దరికీ కనీసం పదేళ్ళ చొప్పున శిక్ష పడింది. కొడుకు చెడిపోయినందుకు కాదు, ఆయుధం అందేట్టు ఉంచి, కళ్ళెదుటి ప్రమాదాన్ని పట్టించుకోనందుకు. తుపాకీకి తాళం వేసి, స్కూలుతో ఉన్నమాట చెప్పిన తండ్రికి ఈ తీర్పు చూసి భయపడాల్సిన పని లేదు.

మనకు తుపాకీ లేకపోయినా ఈ తర్కం కొత్తేమీ కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, పాతికవేలు జరిమానా అంటోంది. తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నామనో రుజువు చేసుకుంటే వదిలేస్తుంది. బండి తాళంచెవి గుమ్మం పక్క మేకుకు వేలాడే ఇళ్ళలో ఆ రుజువు కాస్త కష్టమే.