బొమ్మ చూసి కాదు, మూత విప్పి చూసి కొనండి!

వేసవి సెలవులొచ్చాయంటే పిల్లల కాలు ఇంట్లో నిలవదు. ఒకరికి లాల్‌బహదూర్ స్టేడియంలో ఆటలు, ఇంకొకరికి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో పాటలూ, బొమ్మలూ. చలికాలంలో నాంపల్లి నుమాయిష్ ఉండనే ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్‌లో పిల్లలు ఎంత తిరిగినా అలిసిపోరు. ఎక్కడికెళ్ళినా భుజాన వాటర్ బాటిల్ మాత్రం ఉండాల్సిందే.

అబిడ్స్‌లో షాపు ముందు నిలబడి "అమ్మా, ఆ బొమ్మ ఉన్నదే కావాలి" అని పిల్లాడు మారాం చేస్తాడు. మనమూ సరేనంటాం. కానీ అది రోజూ వాడి నోటికి తగిలే వస్తువు కదా! ఒక్క నిమిషం ఆగి చూద్దాం.

అడుగున ఏముంది?

ప్లాస్టిక్‌దైతే తిరగేయండి. ముక్కోణంలో ఒక అంకె ఉంటుంది. అది ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది. 2, 5 అంకెలవి వాడుకోవచ్చు. 1 అంటే మంచినీళ్ళు, కూల్‌డ్రింకులు అమ్మే పల్చటి బాటిల్ రకం. పదే పదే నింపడానికి పనికిరాదు. 3 వద్దు. 7లో పాలీకార్బొనేట్ కూడా ఉండొచ్చు. అందులోని బిస్ఫినాల్-ఎ అనే రసాయనం భయంతోనే 2011లో యూరప్ దేశాలు పాలీకార్బొనేట్ పాలసీసాలను నిషేధించాయి. అంకే లేకపోతే ఆ బాటిల్ అక్కడే పెట్టేయండి.

స్టీలుదైతే 304 రకం అడగండి. స్టీలు, రాగి, అల్యూమినియం మంచినీళ్ళ బాటిళ్ళకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ 2023లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ గుర్తు వెతకండి. రాగి బాటిల్‌లో మంచినీళ్ళే పొయ్యాలి. నిమ్మరసం, మజ్జిగ పోస్తే పులుపుకి రాగి కరిగి వాటిలో కలుస్తుంది.

షాపులోనే నాలుగు పరీక్షలు

* మూతి వెడల్పుగా ఉందా? బ్రష్షు అడుగుదాకా అందాలి.
* మూతలోని రబ్బరు వాషరు ఊడివస్తుందా? బూజు పట్టేది దాని కిందే. స్ట్రా కూడా ఊడిరావాలి.
* మూత తీసి వాసన చూడండి. ఘాటుగా ఉంటే కొనొద్దు.
* పిల్లాడి చేతికే ఇచ్చి తెరవమనండి. వాడు మోయగలడో లేదో కూడా చూడండి. అర లీటరు నీళ్ళే అర కిలో బరువు!

ఇంటికొచ్చాక

రోజూ సాయంత్రం మూత, వాషరు, స్ట్రా విడదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్ళతో బ్రష్షు పెట్టి కడగండి. మూత పెట్టకుండా బోర్లించి ఆరనివ్వండి. లోపల గీతలు పడిన ప్లాస్టిక్ బాటిల్‌ని మార్చేయండి; ఎంత కడిగినా ఆ గీతల్లో మురికి పోదు. ప్లాస్టిక్‌లో వేడి నీళ్ళు పొయ్యకండి, ఎండలో వదిలెయ్యకండి.

ఇంకో మాట. సాయంత్రం బాటిల్ నిండుగా తిరిగొస్తే "బాగానే ఉంది, మళ్ళీ నింపే పని లేదు" అనుకోకండి. మూత రాలేదా, వాసనేసిందా, బరువని పక్కన పడేశాడా అని మెల్లగా అడగండి. ఎండలో ఆడే పిల్లలు దాహం వేసినా ఆటలో పడి తాగరు. అలాంటప్పుడే తలనొప్పి, వాంతులు, వడదెబ్బ. బాటిల్ ఎంత ఖరీదైనదైతేనేం, ఖాళీగా ఇంటికొచ్చిందే మంచి బాటిల్. ఏమంటారు?