చేతిఫోనులోని యంగడియు, దానధర్మమును

మనుష్యుడు ధనము వెచ్చించు మార్గములలో రెండు ముఖ్యమైనవి. ఒకటి తనకు వలసిన వస్తువును కొనుట. రెండవది ఇతరుల మేలు కొఱకు ఇచ్చుట. కొనునప్పుడు ధర, తూకము, నాణ్యము చూడవలెను. ఇచ్చునప్పుడు పుచ్చుకొనువాని యవసరమును, మన శక్తియు చూడవలెను. ఈ రెండింటికిని వేఱువేఱు ఆలోచనలు కావలెను. ఇటీవల చేతిఫోనులోని యంగళ్లు ఈ రెండు పనులను ఒక్క తెఱమీద, ఒక్క వ్రేలి నొక్కుతో జరిపించుచున్నవి. దీనివలన సభ్యులకు కలుగు సౌకర్య మెంత, నష్ట మెంత యనునది ఈ వ్యాసమున విచారింపబడును. ఈ వ్యాసకర్త ఫోనులోనే కొనుగోలు నేర్చిన తరమువాడు. కనుక ఆ యంగడి లోగుట్టును తెలిసినంతవఱకు పెద్దలగు సభ్యులకు విన్నవించుచున్నాడు.

సంతకును ఫోనునకును గల భేదము

మన డెల్టాలో అంబాజీపేట కొబ్బరికిని, కడియము పూలమొక్కలకును, తాపేశ్వరము కాజాకును పేరుపొందినవి. ఆ చోట్ల కొనువాడు సరకును కంట చూచి, చేత బట్టి కొనును. కొబ్బరికాయను చెవియొద్ద ఆడించి లోపలి నీటి చప్పుడు వినును. మొక్క వేరుమట్టి బిగువు చూచును. ధర నచ్చనిచో పది యడుగులు నడచి పక్క కొట్టులో విచారించును. అమ్మువాడు మోసగించినచో మఱుసటి వారము అదే సంతలో వానిని నిలదీయవచ్చును. బేరమునకు వ్యవధి యుండును. ఆ వ్యవధియే కొనువానికి రక్ష.

2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు యూపీఐ పద్ధతిని ప్రవేశపెట్టిన పిదప పైకము చెల్లించు రీతి మాఱినది. నేడు కొబ్బరిబొండముల బండిమీద సయితము క్యూఆర్ చీటీ కనబడుచున్నది. చిల్లర తగవు తగ్గినది. పైకము క్షణములో ఖాతాకు చేరుచున్నది. చెల్లింపునకు జాడ మిగులుచున్నది. అమ్ముకొనువారికిని మేలు కలిగినది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులు నేడు ఫోనుద్వారా దూరప్రాంతములవారికి సయితము చేరుచున్నవి. కావున ఈ సాధనమును నిందించుట ఈ వ్యాసమున కుద్దేశము గాదు.

అయినను ఒక భేదమును గుర్తింపవలెను. సంతలోని కొట్టు అందఱికిని ఒక్కటే. ఫోనులోని కొట్టు ఎవరికి వారికి వేఱుగా సర్దబడును. మీరు నిన్న ఏ వస్తువును చూచితిరి, ఎంతసేపు చూచితిరి, ఏ వేళ కొందురు, ఏ ధరవద్ద వెనుకాడుదురు అను సంగతులన్నియు ఆ కొట్టు లెక్కవ్రాసికొనుచుండును. జాబితాలో మొట్టమొదట కనబడు వస్తువు మేలైనదే కానక్కఱలేదు. ఆ చోటునకు అమ్మువాడు రుసుము చెల్లించి యుండవచ్చును. పూర్వము కొనువాడు అమ్మువానిని ఎఱిగి యుండెను. ఇప్పుడు అమ్మువాడు కొనువానిని ఎఱుగును. కొనువాడు అమ్మువానిని ఎఱుగడు.

మార్కెటింగు పేర జరుగు మాయలు

రైతునకు మార్కెటింగు అనగా పండిన పంటను తగిన చోట, తగిన వేళ, తగిన ధరకు అమ్ముట. పెద్ద వ్యాపారులకు ఆ మాట యర్థము ఇంకను విశాలము: అక్కఱ లేనివానికి అక్కఱ కలదని తోపించుటయు అందులో చేరును. వస్తువు గుణములను నిజముగా చెప్పుట న్యాయమైన పని. ఆలోచించు వ్యవధి నీయక సమ్మతిని లాగికొనుట అన్యాయము.

ఇట్టి యన్యాయముల నరికట్టుటకై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థవారు 2023 నవంబరు 30న మార్గదర్శక సూత్రములు జారీచేసి, 13 విధముల మాయోపాయములను నిషేధించిరి. వీనిని ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పిలుచుచున్నారు. వానిలో సభ్యులు తఱచుగా చూచునవి కొన్ని:

దొంగ తొందఱ: సరకు గిడ్డంగి నిండుగా నున్నను, “ఇంక రెండే మిగిలినవి, అయిదు నిమిషములలో ధర పెరుగును” అని భయపెట్టుట.

చినుకు ధర: మొదట తక్కువ ధర చూపి, చెల్లించు వేళకు ఒక్కొక్క రుసుమును చినుకులవలె చేర్చుట.

చందా యుచ్చు: చేరుటకు ఒక్క నొక్కు చాలును, విడుచుటకు మాత్రము త్రోవ కనబడదు.

బుట్టలో దొంగచేర్పు: కొనువాడు కోరని వస్తువునో, సేవనో, విరాళమునో అతని యనుమతి లేకయే బిల్లులో కలుపుట.

సిగ్గుపఱచి యొప్పించుట: కాదనువానికి తాను తప్పు చేయుచున్నట్లు తోచునటుల మాటలు కూర్చుట.

ఈ తుది రెండింటియందు దానధర్మముల ప్రసక్తి వచ్చుట గమనింపదగినది. బుట్టలో దొంగచేర్పును నిర్వచించుచో ధర్మకార్యములకు వసూలుచేయు సొమ్మును సూత్రకర్తలు స్పష్టముగా పేర్కొనిరి. రెండవదానికి వారు చూపిన ఉదాహరణములలో ఒకటి యిట్టిది: ఒక యంగడి కొనువాని నడుగకయే విరాళమును బుట్టలో చేర్చును, అతడు దానిని తీసివేయగోరినచో, దానము ధనికుల పని, నాకు పట్టదు అను భావముగల మాటలను నొక్కినగాని తీయనీయదు. దానమును ఎఱగా వాడు పద్ధతి చట్టము చేయువారి దృష్టికి సయితము వచ్చినదని దీనివలన తెలియుచున్నది.

చిల్లర విరాళము చిన్నది కాదు

ఒక్క రూపాయి, అయిదు రూపాయలు అని మనము ఉపేక్షింతుము. లెక్క వేసి చూతము. ఒక కుటుంబమువారు నెలకు 6 మాఱులు ఫోనులో కొని, మాఱునకు 5 రూపాయల చొప్పున విరాళ మిచ్చిరనుకొందము. నెలకు 30, సంవత్సరమునకు 360 రూపాయలగును. 500 కుటుంబములు గల గ్రామమున ఈ సొమ్ము 1,80,000 రూపాయలు. ఇంత పైకమును గ్రామసభలో ఎవరైన అడిగినచో, ఎవరికి, ఎందులకు, లెక్క ఎవరు చూపుదురు అని పది ప్రశ్నలు వేయుదుము. ఫోను అడిగినపుడు ఒక్క ప్రశ్నయు వేయము.

మఱియొక సంగతి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెను. అది వారి లాభమునుండి పోవలసిన సొమ్ము. బిల్లులో మనము చేర్చు రూపాయి మన సొమ్ము. పేరు వారిది, పైకము మనది కారాదు. విరాళము ఏ సంస్థకు చేరునో, రసీదు ఎవరి పేర వచ్చునో తెలిసినగాని ఇయ్యరాదు.

ధననష్టముకంటెను పెద్ద నష్టము వేఱొకటి కలదు. మాటిమాటికి సిగ్గుపఱచి యడిగిన చేయి క్రమముగా మొద్దుబాఱును. 1986 గోదావరి వరదలనాడును, 1996 నవంబరు తుపానునాడును ఇండ్లు కోలుపోయిన కుటుంబము లెన్నియో మన జిల్లాలలో నుండెను. అట్టి యాపద మఱల వచ్చినపుడు, “నేను నిత్యము ఇచ్చుచునే యున్నాను” అని చిల్లర విరాళములను తలచుకొని తృప్తిపడువాడు ఇరుగుపొరుగునకు ముందుకు రాకపోవచ్చును. యువకులు పిసినారులని పెద్దలు అనుకొనుట పొరపాటు. ఇచ్చుటకు మేము వెనుదీయము. అడుగు రీతియే మాకు సమ్మతము గాదు.

సరకుతో ముడిపడిన ధర్మము

“ఈ వస్తువు కొనిన ఇంత సొమ్ము ధర్మమునకు పోవును” అను ప్రకటనలు క్రొత్తవి కావు. 1983లో అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీవారు, తమ కార్డుతో చేసిన ప్రతి కొనుగోలునకును ఒక్క సెంటు చొప్పున స్వాతంత్ర్యదేవి విగ్రహము బాగుచేయుటకు ఇత్తుమని ప్రకటించిరి. ఆ విధముగా 17 లక్షల డాలరులు కూడెను. కార్డు వాడుకయు పెరిగెను. విగ్రహమునకు మేలు జరిగినమాట నిజమే. కంపెనీకిని లాభము కలిగినమాట నిజమే. ధర్మమును వ్యాపారమును జోడించు పద్ధతికి ఇది మార్గదర్శి యైనది.

ఇంటి చెంతనున్న నిదర్శనము ఇంతకంటె నేర్పును. నరసాపురము ప్రాంతపు లేసు అల్లిక 19వ శతాబ్దమున క్రైస్తవ మతప్రచారకుల మూలమున పేదస్త్రీలకు సాయముగా ఆరంభమైనది. తరువాత అది ఎగుమతి వ్యాపారముగా పెరిగినది. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఈ స్త్రీలు గంటలకొలది శ్రమించుచున్నను వారిని పనివారుగా నెంచక, తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగా నెంచుటచేత కూలి అత్యల్పముగా నుండెననియు, లాభము వర్తకులకు చేరెననియు ఆమె చూపిరి. 2024లో ఈ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు వలని ఫలము అల్లిన చేతికి ఎంత చేరినది యనునదే అడుగవలసిన ప్రశ్న. సాయమను పేరు పెట్టినంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. శ్రమకు తగిన కూలియు, పంటకు తగిన ధరయు ఇచ్చుట మొదటి ధర్మము. దానము దాని తరువాతిది.

మన డెల్టాలోని దాతలు

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకలగన్నవరమున కాపురముండి, 1909లో పరమపదించిరి. వైనతేయ తీరమున ఏ వేళ వచ్చిన బాటసారికైనను ఆమె యింట అన్నము దొరకెడిది. కులమడుగుట లేదు, ప్రకటన చేయుట లేదు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భమున ఆమె చిత్రపటమును తెప్పించిరని ప్రసిద్ధి. కీర్తి ఆమెను వెదకికొని వచ్చినదేగాని, ఆమె కీర్తిని వెదకలేదు. గన్నవరపు అక్విడక్టు ఆమె పేరు వహించుచున్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

మల్లాడి సత్యలింగము నాయకరుగారు రంగూనులో వ్యాపారముచే ధనము గడించి, దానిని ధర్మనిధిగా ఏర్పఱచిరి. కాకినాడలో ఆ పేర విద్యాసంస్థలు వెలసినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ యాస్తిని రాజమహేంద్రవరమునందలి హితకారిణీ సమాజమునకు ఒసగిరి. సీతమ్మగారిది అప్పటికప్పుడు ఆకలి తీర్చు దానము. తక్కిన యిరువురిది నిలుకడగల ధర్మము. మార్గములు వేఱైనను ముగ్గురియందును ఒక్క గుణము సమానము: ఇయ్యవలెనను నిశ్చయము వారిదే. ఇంకొకరు తొందఱపెట్టగా పుట్టినది కాదు.

సహకార పద్ధతి నేర్పు పాఠము

కొనుగోలును సమాజహితమును కలుపుటలో సహకారోద్యమమునకు ప్రాచీనమైన యనుభవము కలదు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది సభ్యులు తమ చిన్న దుకాణమును తెఱచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము వారి నియమములు. మిగులును సభ్యుల కొనుగోలు ననుసరించి పంచిరి. కొలది యేండ్లకే మిగులులో నూటికి రెండున్నర వంతులు విద్యకు కేటాయించిరి. బేరమునాడు ఎవరిని చందా అడుగలేదు. లెక్క ముగిసిన పిమ్మట, సభలో, మిగులునుండి తీసిరి.

మన దేశపు 1912 నాటి సహకార సంఘముల చట్టమునందును ఇదే వివేకము కనబడును. నికరలాభములో నాల్గవవంతు మొదట రిజర్వునిధికి చేర్చవలెను. మిగిలినదానిలో నూటికి 10 వంతులు మించకుండ, రిజిస్ట్రారుగారి అనుమతితో, ధర్మకార్యమునకు ఈయవచ్చును. ఉదాహరణమునకు లాభము 40,000 రూపాయలైనచో 10,000 నిధికి పోవును. మిగిలిన 30,000లో ధర్మమునకు 3,000 మించరాదు. తరువాత చట్టములు మాఱినవి. నేడు మన రాష్ట్రపు సంఘములకు 1964, 1995 సంవత్సరముల చట్టములును, ఆయా సంఘముల నిబంధనలును ప్రమాణము. అయినను క్రమము మాత్రము నేటికిని అనుసరణీయము: ముందు అప్పు తీర్చుట, పిదప నిధి, పిదప హద్దెఱిగిన దానము, అన్నిటికిని సభలో తీర్మానము, పుస్తకములో పద్దు.

సభ్యులు పాటింపదగిన నియమములు

1. పైకము చెల్లించు ముందు బిల్లును పంక్తి పంక్తిగా చదువవలెను. కోరని పద్దు కనబడినచో తీసివేయవలెను. అది దానమైనను తీసివేయుటకు సిగ్గుపడనక్కఱలేదు.

2. అవసరము లేని వస్తువును తొందఱచేసి కొనిపించుచున్నట్లు తోచినచో ఒక్క రాత్రి ఆగవలెను. మఱునాడును వలసినదని తోచినచో కొనవచ్చును.

3. పైకము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను నొక్కనక్కఱలేదు. నొక్కుమని యడుగువాడు మోసగాడు.

4. వరద, తుపాను రోజులలో వచ్చు క్యూఆర్ చీటీలను నమ్మి పంపక, ఖాతా ఎవరిదో విచారించి, తెలిసిన సంస్థకే పంపవలెను. రసీదు తీసికొనవలెను.

5. అంగడివాడు మోసగించినచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకును, ఫోనుద్వారా ధనము అపహరింపబడినచో వెంటనే 1930నకును తెలుపవలెను.

6. ఏడాదికి ఒకమాఱు, పంటసొమ్ము చేతికి వచ్చినపుడు, కుటుంబమంతయు కూర్చుండి దానమునకు ఇంత యని నిర్ణయించి, ఆ సొమ్మును వేఱుగా నుంచవలెను.

ఈ ఆఱవ నియమము అన్నిటికంటె ముఖ్యమైనది. ముందుగా నిశ్చయించికొన్నవాడు ఫోను అడిగినపుడు కాదనుటకు వెనుకాడడు. పొరుగువాడు అడుగకున్నను ఇచ్చుటకు జాగుచేయడు. వచ్చు సర్వసభ్య సమావేశమున గ్రామములోని పేదవిద్యార్థుల పుస్తకములకో, వరదరోజుల బియ్యమునకో సంఘము తన నిబంధనలకు లోబడి ఎంత వెచ్చింపగలదో చర్చించి తీర్మానించుట మంచిది. యువసభ్యులు ఆ లెక్కలు వ్రాయుటకును, వృద్ధులకు ఫోనులోని బిల్లు చదివి చెప్పుటకును పూనుకొందురుగాక. కొనునప్పుడు వర్తకునివలె లెక్క చూచి, ఇచ్చునప్పుడు సీతమ్మగారివలె మనసార ఇచ్చుట మనకు తగిన పని.