చిట్టాలు తగ్గినా చీటీ ఉండాలి

పదిమందితో చిన్న అచ్చుకూటం నడిపే యజమానికి పనికన్న పద్దుల బెడదే ఎక్కువ. హాజరుకొకటి, జీతాలకొకటి, జరిమానాలకొకటి, చట్టానికొక రిజిస్టరు! ఈ బాధ గ్రహించి 1988లో పార్లమెంటు చట్టం చేసి, 19 మంది వరకు పనివారున్న సంస్థలకు ఈ రాతకోతలు తగ్గించింది. 2014లో ఆ పరిమితి 40కి పెరిగింది. 2017లో కేంద్ర నిబంధనలు 56 రిజిస్టర్లను 5కు కుదించాయి.

అయితే 1988 చట్టం జీతపు చీటీని మాత్రం మాఫీ చేయలేదు. 29 చట్టాలను 4 కోడ్‌లుగా కలిపి 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చినప్పుడూ, వేతనాల కోడ్ చీటీ ఇవ్వమనే చెప్పింది.

ఎందుకంటారా? రిజిస్టరు యజమాని బీరువాలో ఉంటుంది. చీటీ పనివాని జేబులో ఉంటుంది. రేపు జీతం దగ్గర తగవు వస్తే అతని పక్షాన సాక్ష్యం పలికేది అదే. యజమాని నెత్తిమీది బరువు దించవలసిందే. పనివాని చేతిలోని ఆధారం మాత్రం లాగివేయరాదు.