లారీ ఇట్లియాంగ్ దినము

అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమ తీరమున కాలిఫోర్నియా రాష్ట్రము కలదు. ఆ రాష్ట్ర శాసనసభ 2015వ సంవత్సరమున ఒక చిన్న చట్టమును చేసెను. ఏటేట అక్టోబరు 25వ తేదీని ‘లారీ ఇట్లియాంగ్ దినము’గా గవర్నరు ప్రకటింపవలెననియు, ఆనాడు పాఠశాలలు ఆయనను స్మరించు కార్యక్రమములు జరుపుట మంచిదనియు అందు కలదు. బడులకు సెలవు మాత్రము లేదు. సెలవిచ్చినచో పిల్లలు ఇండ్లకు పోవుదురు. ఇక ఆయన కథ చెప్పుట యెవరికి?

ఇట్లియాంగ్ 1913లో ఫిలిప్పీన్సు దీవులలో జన్మించెను. ఆరవ తరగతి చదువుతో, న్యాయవాది కావలెనను కోరికతో 1929లో అమెరికా చేరెను. ఆ కోరిక తీరలేదు. అలాస్కాలో చేపలను డబ్బాల కెక్కించు కర్మాగారములందును, కాలిఫోర్నియా పొలములందును కూలిపని చేసెను. ఒక ప్రమాదమున మూడు వ్రేళ్లు పోగా తోటివారు ఆయనను ‘ఏడు వ్రేళ్లవా’డని పిలిచిరి.

ఆయనవలె వచ్చిన ఫిలిపినో కూలీలలో పెక్కురు పెండ్లి లేకయే ముసలివారైరి. వారి దేశమునుండి వచ్చిన స్త్రీలు మిక్కిలి తక్కువ. తెల్లజాతి స్త్రీలను వివాహమాడుటకు 1933 నుండి 1948 వరకు ఆ రాష్ట్రమున చట్టము ఒప్పలేదు. చిన్నవారు వారిని ‘మనోంగ్’ అనెడివారు. మన ‘అన్న’ వంటిదే ఆ మాట.

1965 సెప్టెంబరు 8న డెలానో పట్టణమున ఈ అన్నలు ద్రాక్షతోటలలో పని మానిరి. గంటకు 1 డాలరు 40 సెంట్లు కూలి కోరిరి. వారి నాయకుడు ఇట్లియాంగ్. అయితే ఆయనకొక భయముండెను. తోటల యజమానులకు పాత ఉపాయ మొకటి తెలియును: ఫిలిపినోలు సమ్మె కట్టిన మెక్సికనులను, మెక్సికనులు కట్టిన ఫిలిపినోలను పనికి పిలుతురు. ఇంట ఆకలి యున్నవాడు రాకుండునా? కావున ఆయన మెక్సికను కూలీల నాయకుడగు సీజర్ చావెజ్‌ను తమతో చేరుమని కోరెను. తన సంఘమింకను సిద్ధముగా లేదని చావెజ్ తలచెను. అయినను సెప్టెంబరు 16న ఆ సంఘమువారు సమావేశమై సమ్మెలో చేరుటకు నిశ్చయించిరి. ఫిలిపినోల సంఘభవనమున ఉభయులకును ఒకే వంట సాగెను. మరుసటి యేడు రెండు సంఘములును ఏకమయ్యెను. ద్రాక్షపండ్లు కొనవలదని దేశమంతట ప్రచారము జరిగెను. తుదకు 1970లో యజమానులు ఒప్పందములపై సంతకములు చేసిరి.

చావెజ్ లోకప్రసిద్ధుడయ్యెను. 1971లో సంఘమును విడిచిన ఇట్లియాంగ్ 1977లో డెలానోలో మరణించెను. పాఠ్యగ్రంథములలో ఆయన పేరు అరుదయ్యెను. చావెజ్ జన్మదినమును సెలవుదినముగా చేయు శాసనము 2000లోనే వచ్చెను. తొలుత పని మానినవారి నాయకునకు మరి 15 ఏండ్లు పట్టెను. రాబ్ బోంటా అను శాసనసభ్యుడు, తాను ఫిలిప్పీన్సులో పుట్టినవాడు, ఆయన తలిదండ్రులు ఆ కూలీల సంఘములో పనిచేసినవారు, ఈ దినమును ప్రతిపాదించెను. అక్టోబరు 25 ఇట్లియాంగ్ పుట్టినరోజు.