మెంఫిస్ సోల్

మెంఫిస్ సోల్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెనెస్సీ రాష్ట్రానికి చెందిన మెంఫిస్ నగరంలో 1960వ దశకంలో రూపుదిద్దుకున్న సంగీత శైలి. ఇది నల్లజాతీయుల సోల్ సంగీతంలో ఒక ప్రాంతీయ శాఖ. స్టాక్స్, హై అను రెండు రికార్డింగు సంస్థలు దీనికి ప్రధాన కేంద్రాలు.

నేపథ్యం

మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మెంఫిస్‌కు చుట్టుపక్కల పత్తి పండే పల్లెల నుండి నల్లజాతీయులు ఉపాధికై వలస వచ్చారు. వారితోపాటు బ్లూస్ పాటలు, చర్చిలలో పాడే గాస్పెల్ గీతాలు కూడా నగరానికి చేరాయి. గాస్పెల్ గానంలోని ఆవేశం, బ్లూస్‌లోని లౌకిక జీవితం కలిసి ఈ శైలికి పునాది అయ్యాయి.

స్టాక్స్ ఆవిర్భావం

బ్యాంకు ఉద్యోగి అయిన జిమ్ స్టీవర్ట్ 1957లో శాటిలైట్ రికార్డ్స్ స్థాపించాడు. రికార్డింగు యంత్రం కొనుటకు అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇంటిని తాకట్టు పెట్టింది. 1960లో వీరు మెక్‌లెమోర్ అవెన్యూలోని ఒక పాత సినిమాహాలును స్టూడియోగా మార్చారు. హాలు నేల వాలుగానే ఉండిపోవడం వలన అక్కడి ధ్వనికి ఒక ప్రత్యేకత వచ్చింది. ముందుభాగంలో ఎస్టెల్ నడిపిన రికార్డుల దుకాణం ద్వారా శ్రోతల అభిరుచి తెలిసేది. 1961లో ఇద్దరి ఇంటిపేర్లలోని తొలి అక్షరాలను కలిపి సంస్థకు స్టాక్స్ అని పేరు పెట్టారు.

లక్షణాలు

సూటియైన తాళం, ఆర్గాన్, పొదుపుగా వాడిన గిటారు, గాయకునికి బదులు పలికే ట్రంపెట్, శాక్సోఫోన్‌లు ఈ శైలి గుర్తులు. 1962లో 'గ్రీన్ ఆనియన్స్' వాద్యగీతంతో ప్రసిద్ధి చెందిన బుకర్ టి. అండ్ ది ఎం.జి.స్ బృందం స్టాక్స్ గాయకులకు వాద్యసహకారం అందించేది. జాతి వివక్ష అమలులో ఉన్న ఆ నగరంలో ఈ బృందంలోని నలుగురిలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు.

సంక్షోభం, తరువాతి కాలం

1967 డిసెంబర్ 10న గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ విమాన ప్రమాదంలో మరణించాడు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లోని లొరేన్ మోటెల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యాడు. స్టాక్స్ కళాకారులు తరచుగా కలుసుకొని పాటలు వ్రాసుకున్నది కూడా ఆ మోటెల్‌లోనే. అదే సంవత్సరం అట్లాంటిక్ సంస్థతో పంపిణీ ఒప్పందం ముగిసినపుడు, పాత రికార్డింగులపై హక్కులు అట్లాంటిక్‌కే చెందుతాయని తేలింది. ఐజాక్ హేస్ పాటలతో స్టాక్స్ మరల పుంజుకున్నప్పటికీ 1975లో దివాలా తీసింది. విల్లీ మిచెల్ నిర్మాణంలో అల్ గ్రీన్ పాడిన పాటల ద్వారా హై సంస్థ 1970వ దశకంలో ఈ శైలిని కొనసాగించింది. 1989లో కూల్చివేసిన స్టాక్స్ భవనం స్థలంలో 2003లో సోల్ సంగీత మ్యూజియం ప్రారంభమైనది.