పాత కారు ముందద్దమును మార్చు విధము

చెన్నపట్టణమున 1961లో తయారీ ఆరంభమైన స్టాండర్డ్ హెరాల్డ్ కార్లను కొందరు నేటికిని భద్రపఱచుకొనుచున్నారు. దాని ముందద్దమును మార్చు విధము నిచట వివరించుచున్నాము.

ఈ యద్దమును పట్టియుంచునది చుట్టునుగల రబ్బరు పట్టీయే. మన యెండకు రబ్బరు గట్టిపడి పగులును. ఆ పగుళ్ళలో వాననీరు దిగి, యినుప చట్రము త్రుప్పుపట్టును.

మొదట వైపర్లను, మెఱుగు పట్టీని తీయవలెను. పాత రబ్బరును కాపాడబోయి అద్దమును పగులగొట్టుకొనరాదు. అద్దము పగిలినచో పుదుప్పేట పాతసామానుల అంగళ్ళలో వెదకవలసినదే. కావున అద్దముమీదికి వచ్చిన రబ్బరు అంచును కత్తితో కోసి, ఒకరు లోపలినుండి అరచేతులతో మెల్లగా నెట్టగా, వేఱొకరు వెలుపల నందుకొనవలెను. చేతులకు తొడుగులు, కన్నులకు రక్షణాద్దములు ఉండితీరవలెను.

పిమ్మట చట్రపు త్రుప్పును గీకి, రంగు వేసి, ఆరనీయవలెను. క్రొత్త రబ్బరును అద్దమునకు తొడిగి, చట్రమును పట్టెడి గాడిలో చుట్టును గట్టి త్రాడు నుంచి, కొనలను కారులోనికి విడువవలెను. సబ్బునీరు పూసి, అద్దమును చట్రముపై నానించి, ఒకరు వెలుపల అదుముచుండగా వేఱొకరు లోపల త్రాటిని లాగవలెను. త్రాడు వచ్చినకొలది రబ్బరు అంచు చట్రముమీది కెక్కును.

తుదకు నీరు పోసి పరీక్షింపవలెను. ఇది బలముతో గాక ఓర్పుతో నెఱవేఱు పని. బాలురు పెద్దలు లేక దీనికి పూనుకొనరాదని మా హెచ్చరిక.