శాతం చెప్పేది పోలికనే

ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైనా, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ అయినా, సిద్ధాంత గ్రంథాలకు వర్తించేవి గ్రంథచౌర్యంపై యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలే. ఇతరుల రాతతో పోలిక 10 శాతంలోపు ఉంటే శిక్ష లేదు. 40 దాకా అయితే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాదిపాటు సమర్పించే వీల్లేదు, అది కూడా దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దాంతో పరిశోధకుల చూపంతా ఆ అంకె మీదే. కానీ ఆ అంకె ఇచ్చే సాఫ్ట్‌వేర్ లెక్కగట్టేది పోలికను మాత్రమే. అది దొంగతనమో కాదో తేల్చాల్సింది చదివిన మనిషే.

సాఫ్ట్‌వేర్ రాతను కొన్నేసి మాటల ముక్కలుగా విడగొట్టి, తన నిల్వలోని వెబ్ పేజీలు, వ్యాసాలు, పాత సిద్ధాంత గ్రంథాలతో సరిచూస్తుంది. నిల్వలో లేనిది దానికి దొరకదు. తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉన్నాయి. అను ఫాంట్లలో డీటీపీ చేసినవి యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప యంత్రానికి తెలుగుగా కనిపించవు. కాబట్టి ఉత్తరాంధ్ర జానపద గేయాల మీద ఎప్పుడో అచ్చయిన పుస్తకంలోంచి అధ్యాయానికి అధ్యాయం ఎత్తిరాసినా రిపోర్టు శుభ్రంగా రావచ్చు. ‘వంశధార నది ఒడ్డున వెలసిన ఆలయం’ అన్నదాన్ని ‘వంశధారా తీరంలోని కోవెల’గా మార్చినా వరస మాటలు కలవవు. మరోవైపు, శ్రీముఖలింగం మీద పరిశోధించేవారు మధుకేశ్వరాలయ శాసనాల పాఠం ఉన్నదున్నట్టు ఇవ్వక తప్పదు. పోలిక తగ్గించడానికి శాసనాన్నే మార్చి రాస్తే అది పరిశోధన ఎలా అవుతుంది? ఆధారం చెప్పి ఉటంకించిన భాగాన్ని లెక్కలోంచి తీసేయాలని నిబంధనల్లోనే ఉంది. ఏది ఉటంకింపో రిపోర్టు పక్కన పెట్టుకుని ఒకరు చూడాలి.

అంకె పక్షపాతం చూపదు, గైడ్ చూపవచ్చు అన్న అభ్యంతరం ఉంది. అందులో బలముంది, గైడ్ దయ మీద ఆధారపడ్డ విద్యార్థికి అంకె కొంత రక్షణే. అయితే అవే నిబంధనలు ఆరోపణల విచారణకు విభాగంలోనూ, సంస్థ స్థాయిలోనూ కమిటీలు వేయమన్నాయి. విభాగ కమిటీలో ఆ విభాగానికి బయటి ఆచార్యులు, సంస్థ కమిటీలో బయటి సంస్థ సభ్యులు ఉండాలన్నాయి. అంటే తీర్పు మనుషులదే, కాకపోతే ఒక్కరిది కాదు. చదివే తీరిక ఎవరికుంది అనేవారూ ఉన్నారు. యూజీసీ లెక్కన ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీకి మార్గదర్శకత్వం వహించకూడదు. ఆ కొద్దిమంది రాతను అధ్యాయాల వారీగా, రాస్తున్నప్పుడే చదవడం గైడ్ బాధ్యత. చౌర్యం లేదని ధ్రువపత్రం ఇచ్చేది కూడా గైడే కదా.